ఆవుని కట్టే మేకు

ఒరేయ్ చిన్నోడా, ఆ మేకు భోగిమంటలో పెట్టకు. ఇనుమే కదా, కాలిపోతుందా అంటావు. కాలిపోదు. కానీ ఎర్రగా కాలి చల్లారిందంటే టెంపరు పోతుంది. ఆవు ఒక్క గుంజు గుంజితే వంగి కూర్చుంటుంది. ఇలా తే. ముందు చెప్పు, ఆవుని దేనికి కట్టావు? కొబ్బరిచెట్టుకా? సరే, నయం.

మీరంతా దీన్ని మామూలు మేకు అనుకుంటున్నారు. పట్టుకుని చూడు. మూరెడు పొడుగు. ఇదిగో, ఇక్కడ ఒకవైపే అరిగింది, చవితినాటి చంద్రుడిలాగ. నేలలో దిగ్గొట్టినందుకు ఇలా అరగదు. ఇనుమూ ఇనుమూ మైళ్ళ తరబడి రాసుకుంటే వచ్చిన అరుగుదల ఇది. యుద్ధం ట్యాంకు ఉందే, దాని చైను పిన్నురా ఇది. హిట్లరుతో యుద్ధం జరిగే రోజుల్లో ఇంగ్లండులో చేసిన ముక్క. అది మనావు మెడకి ఎలా వచ్చి పడిందో చెప్తాను. ఆ మంచం కోళ్ళు అన్నీ ఒక్కసారే వెయ్యకండి. ఒక్కొక్కటీ వెయ్యండి, తెల్లారేదాకా మంట ఉండాలి.

నేను మిలటరీలో చేరింది 1965లో. మన పక్కన మాధవరం ఉందిగా, ఇంటికొకడు పటాలంలోకి వెళ్ళి వెళ్ళి మిలటరీ మాధవరం అయిపోయిన ఊరు, ఆ గాలి మన ఊరికీ తగిలేది. మా మేనమామ అయితే రెండో యుద్ధంలో బర్మా వైపు అరకాన్‌లో పనిచేసి వచ్చాడు. ఇదిగో ఇలాంటి మంట దగ్గరే కూర్చుని చెప్పేవాడు. 1943 ఫిబ్రవరిలో దొన్‌బైక్ అనే చోట జపానువాళ్ళ బంకర్ల మీదికి ఎనిమిది చిన్న ట్యాంకులు తోలారట. కొన్ని కందకాల్లో దిగబడ్డాయి. ఇక అంతే, గేదె బురదలో పడ్డట్టే. 'వేలంటైనులు' అనేవాడు వాటిని. నాకు అప్పుడు అది ట్యాంకు పేరని తెలీదు, ఊరి పేరనుకున్నాను.

నన్ను తుపాకి పేల్చడానికి తీసుకోలేదు, స్పానరు పట్టడానికి తీసుకున్నారు. ఇ.ఎమ్.ఇ. అని, మిలటరీలో బండ్లూ తుపాకులూ బాగుచేసే దళం. సికింద్రాబాదులో ట్రైనింగు. పగలంతా ఇంజను విప్పించేవాళ్ళు, సాయంత్రం బిగించమనేవాళ్ళు. బిగించాక ఒక్క నట్టు మిగిలిందా, మర్నాడు మళ్ళీ మొదటినుంచీ. మీ నాన్న ఫ్యాను విప్పి బిగిస్తే గుప్పెడు మిగుల్తాయి చూడండి, వాడు నా దగ్గర ఒక్కరోజు ఆగేవాడు కాదు.

ఆరేళ్ళు తిరిగేసరికి 1971 డిసెంబరు. షకర్‌గఢ్ సెక్టారు, జమ్మూ హద్దు దాటి అవతల. చలంటే అదీ చలి. సెంచూరియన్ ట్యాంకుల రెజిమెంటు ఒకదాని వెనకాల మా ఎల్.ఎ.డి. వెళ్ళేది. ఎల్.ఎ.డి. అంటే మరేం లేదు, రెజిమెంటు ఎటు పోతే అటు పోయే చిన్న మరమ్మతు దండు. సెంచూరియన్ 50 టన్నుల పైమాట. దాని ఇంజను మీటియరు, 12 సిలిండర్లు, 27 లీటర్లు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలకి పెట్టిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఉందే, దాని తమ్ముడు. 650 గుర్రాల బలం ఉండేది కానీ పెట్రోలు తాగడం చూస్తే తాగుబోతు కూడా సిగ్గుపడాలి.

16వ తారీఖున బసంతర్ వాగు దగ్గర పెద్ద పోరు జరిగింది. అక్కడే పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంటులో అరుణ్ ఖేత్రపాల్ అనే కుర్రాడు, 21 ఏళ్ళవాడు, ట్యాంకు అంటుకుంది దిగిపొమ్మని వైర్లెస్‌లో చెప్తే దిగనన్నాడు. తుపాకి పనిచేస్తోందిగా అన్నాడట. పరమవీర చక్ర ఇచ్చారు, చూసుకోడానికి ఆయన లేడు. ఆ ట్యాంకు పేరు ఫమగుస్తా. దాన్ని తరవాత బాగుచేసి అహ్మద్‌నగర్‌లో పెట్టారు. ఓసారి అటు వెళ్ళినప్పుడు చూశాను. సెల్యూటు కొట్టి, చెయ్యి ఊరుకోక, చైను బిగువు కూడా చూశాను.

మా దగ్గరికి వచ్చిన ట్యాంకు గురించి మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు. రాత్రిపూట రికవరీ బండి ఈడ్చుకొచ్చింది. పక్కనుంచి గుండు దిగింది. బయటనుంచి చూస్తే చిల్లు ఏపాటిది, కొబ్బరిచిప్ప పట్టేంత. ఇంజను బాగానే ఉంది, గేరుపెట్టె బాగానే ఉంది, వైర్లు కాలిపోయాయి. లోపల... పెద్దమ్మాయ్, నువ్వు అలా మొహం పెట్టకు, అదంతా చెప్పను. నీళ్ళతో కడిగామని చెప్తాను, అంతే. జెర్రీ క్యాన్లతో మోసి పోశాం. ఎన్ని క్యాన్లు పోసినా కింద ప్లగ్గులోంచి తెల్లనీళ్ళు రావే!

చిల్లులో ఇనపదిమ్మ కూర్చోబెట్టి వెల్డింగు చేశాం. వైర్లు లాగాం. మా సుబేదారు సాబు వచ్చి, "తెల్లారేసరికి కొత్త క్రూ ఎక్కాలి, వాళ్ళకి లోపల ఏదీ కనపడకూడదు" అన్నాడు. తెల్లరంగు డబ్బా నా చేతిలో పెట్టాడు. నేను లోపల కూర్చుని, టార్చి నోట్లో పెట్టుకుని, పెద్ద బ్రష్షుతో పూసుకుంటూ వచ్చాను. డ్రైవరు కూర్చునే చోట, గోడమీద, మేకుతో గీకి హిందీలో ఏదో రాసి ఉంది. పిల్లదాని పేరు. పక్కన తారీఖు. పుట్టినరోజో ఏమో. పేరులో మొదటి రెండక్షరాలు చదివాను. మూడోది చదివేలోపు బ్రష్షు దానిమీంచి వెళ్ళిపోయింది.

తెల్లారి ఆ ట్యాంకు వెళ్ళింది. మళ్ళీ నేను చూళ్ళేదు. మర్నాడు రాత్రి ఎనిమిదికి యుద్ధం ఆగింది.

ఏరా, నిద్రొస్తోందా? పిడకల దండ తెచ్చావా లేదా నువ్వు? వెయ్యి, వెయ్యి, దణ్ణం పెట్టుకుని వెయ్యి.

సరే. రిటైరై వచ్చేశాను. గూడెంలో లారీల షెడ్డు పెట్టాను, నడిపినన్నాళ్ళు నడిపాను. 2004లో మీ మేనత్త రమ్మంటే నేనూ మీ నానమ్మా ఇంగ్లండు వెళ్ళాం. దానికి అక్కడ డోర్సెట్ అనే జిల్లాలో నర్సు ఉద్యోగం. పొద్దున్నే అది డ్యూటీకి, అల్లుడు ఆఫీసుకి. మీ నానమ్మకి టీవీ ఉంది. నాకేముంది? నడక. ఎటు చూసినా పచ్చగడ్డి, కంచెలు, గొర్రెలు, మనిషన్నవాడు కనపడడు.

ఓ శనివారం అలా నడుస్తుంటే ఓ పాకలోంచి చప్పుడు. సమ్మెట దెబ్బ. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇనుము మీద సమ్మెట పడితే ఠంగుమనాలి. ఇది ధబ్బు ధబ్బుమంటోంది. పిన్ను తుప్పుకి పట్టేసి, దెబ్బంతా లోపల చచ్చిపోతుంటే వచ్చే చప్పుడు అది. ముప్ఫై ఏళ్ళు విన్న చెవి కదా, కాళ్ళు వాటంతట అవే అటు తిరిగాయి.

అది ఒకప్పుడు పశువుల సావిడి. ఆవుల్లేవు. వాటి చోట ఓ ఇనప కళేబరం ఉంది. డెబ్భై దాటిన పెద్దాయన ఒకాయన, మోకాళ్ళ మీద కూర్చుని కొడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, "ముందు వేడి చెయ్యండి, తర్వాత కొట్టండి" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆయన తలెత్తి చూశాడు. ఈ పంచె కట్టిన ముసలాడెవడు, నాకు చెప్పడమేమిటి అన్నట్టు చూశాడు. అవునే, పంచే. చలికోటు మీద పంచె. మీ మేనత్త మొత్తుకునేది.

"నీకెలా తెలుసు?" అన్నాడు.

నేను ఒక్కటే మాటన్నాను, "సెంచూరియన్."

అంతే, ఆయన సమ్మెట కింద పెట్టేశాడు. ఆ దేశంలో 1950లలో మగపిల్లలందరూ రెండేళ్ళు పటాలంలో చెయ్యాలని చట్టం ఉండేది. ఆయన ఆ రెండేళ్ళూ జర్మనీలో సెంచూరియన్ మీదే చేశాడట. ఇక మాకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. మీటియరు ఇంజనులో ఏ బోల్టుకి చెయ్యి పట్టదో ఇద్దరం వేళ్ళతో చూపించుకుని నవ్వుకున్నాం. పేరు పెట్టి పిలవమనేవాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం, నాకు నోరు రాలేదు. సార్ అంటే ఆయనకి చిరాకు. చివరికి చీఫ్ అని ఖాయం చేశాను. ఆయన నన్ను సుబేదార్ అనేవాడు.

"ఏం ట్యాంకు ఇది?" అన్నాను. "వేలంటైను" అన్నాడు.

మా మేనమామ గుర్తొచ్చి ఒళ్ళు ఝల్లుమంది. ఎక్కడి అరకాను, ఎక్కడి డోర్సెట్!

వేలంటైను అంటే సెంచూరియన్ పక్కన నిలబెడితే ఏనుగు పక్కన మేకపోతు. 16, 17 టన్నులు. విక్కర్స్ కంపెనీవాళ్ళు యుద్ధానికి ముందు, 1938లో గీసిన బొమ్మ. కెనడాలో చేసినవి కూడా కలుపుకుంటే ఎనిమిది వేల పైచిలుకు తయారయ్యాయి. చక్రాలు పక్కకి ఆరు, రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. దీంట్లో ఉన్నది డీజిలు ఇంజను, ఏఈసీ వాళ్ళది. లండనులో ఎర్ర డబుల్‌డెక్కరు బస్సులు చేసిన కంపెనీయే. బస్సు ఇంజను పెట్టి యుద్ధానికి పంపారన్నమాట. ఒళ్ళంతా రివెట్లు. రాజమండ్రి హేవలాక్ వంతెన గడ్డర్లు చూశారుగా, బొడిపెలు బొడిపెలుగా, అలాగ. వంతెనకి రివెట్టు మంచిదే. ట్యాంకుకి మాత్రం పాడు. బయట గుండు తగిలితే లోపల రివెట్టు తల ఊడి తుపాకి గుండులాగే ఎగురుతుంది.

చీఫు దగ్గరున్నది యుద్ధానికి వెళ్ళింది కాదు. ఆ దేశంలోనే కుర్రాళ్ళకి ట్రైనింగుకి వాడారు. యుద్ధం అయిపోయాక ఎవరిక్కావాలి? ఫైరింగు రేంజిలో గడ్డిమీద నిలబెట్టి గురి నేర్చుకోడానికి గుళ్ళు కొట్టారు. ఏళ్ళ తరబడి. తర్వాత తుక్కు వ్యాపారికి వెళ్ళింది, అక్కణ్ణించి ఈయన కొన్నాడు. అక్కడ మామూలు మనిషి ట్యాంకు కొనుక్కోవచ్చురా, తుపాకి పేలకుండా చేసి ఉంటే చాలు. మనవాళ్ళు ఎడ్లజత కొనుక్కున్నట్టు.

ఎందుకండీ ఇది అని అడిగాను. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. ఆయనా, ఇంకో ముగ్గురు స్నేహితులూ. అందరూ ముసలాళ్ళే. ప్రతి శనివారం వచ్చి సాయంత్రందాకా తుప్పు గీకి, టీ తాగి వెళ్ళిపోతారు. మన అరుగు మీద పేకాట లేదూ, అలాగ. ఒక్క తేడా, పేకాటలో అప్పుడప్పుడు డబ్బులొస్తాయి.

నేను ఆ శనివారం మొదలుపెట్టి ఉన్న ఆర్నెల్లూ వెళ్ళాను. మళ్ళీ రెండేళ్ళకి వెళ్ళినప్పుడు అక్కడే. ఆ తర్వాత కూడా అక్కడే. మీ నానమ్మ, "సప్త సముద్రాలు దాటొచ్చి ఇక్కడా గ్రీజేనా" అని తల కొట్టుకునేది.

పని చెప్తాను వినండి, చీఫు దగ్గర నేను నేర్చుకున్నది. మన షెడ్డులో తుప్పు అంటే వైరు బ్రష్షు, లేకపోతే యాసిడ్డు. ఆయన ఏం చేసేవాడంటే, ప్లాస్టిక్ తొట్టె నిండా నీళ్ళు పోసి, బట్టల సోడా కలిపేవాడు. బ్యాటరీ చార్జరు తెచ్చి, నెగెటివు వైరు తుప్పు పట్టిన సామానుకి తగిలించేవాడు. పాజిటివు వైరు ఎందుకూ పనికిరాని ఇనప రేకుకి. రెండూ ఒకదానికొకటి తగలకుండా నీళ్ళలో ముంచి, కరెంటు పెట్టి ఇంటికి పోయేవాడు. సామాను మీంచి సన్నగా బుడగలు లేచేవి, సోడాకాయ కొట్టినట్టు. ఆ బుడగల్లో ఉండేది మండే గ్యాసు, అందుకే తలుపులు బార్లా తీసి పెట్టి, బీడీ ముట్టించకు అనేవాడు. మర్నాడు తీసి చూస్తే నీళ్ళు గోధుమరంగు, తుప్పంతా నల్లటి మసిలా మారి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. కింద ఫ్యాక్టరీవాడు కొట్టిన నెంబరు కనపడేది. ఇనుము పిసరంత అరగదు. నేను ముప్ఫై ఏళ్ళలో ఎంత ఇనుము అనవసరంగా గీకి పారేశానో అనిపించింది.

ఇంజను పట్టేసింది. ఆరు సిలిండర్లలోనూ పిస్టన్లు గోడలకి కరుచుకుపోయాయి. ఇంజెక్టర్లు ఊడదీసి ఆ బెజ్జాల్లోంచి డీజిలూ పల్చటి ఆయిలూ కలిపి పోశాం. వారం తర్వాత చూస్తే ఎంత పోశామో అంతా అలాగే ఉంది. ఇంకో వారం, అలాగే. మూడో వారం ఒక సిలిండర్లో కొంచెం దిగింది. చీఫు ఆ పూట పండగ చేసుకున్నాడు. ఫ్లైవీలుకి పొడుగాటి గడ్డపార తగిలించి ముందుకోసారి, వెనక్కోసారి ఊపడం, వదిలెయ్యడం. బలం చెయ్యకూడదు, చేస్తే రాడ్డు వంగుతుంది. నేను అలవాటు కొద్దీ బలం చెయ్యబోతే ఆయన నా భుజం మీద చెయ్యి వేసేవాడు. "సుబేదార్, దీన్ని పొద్దున్నకి పంపక్కర్లేదు." ఐదో వారం మధ్యలో వేలెడు కదిలింది. ఆ చప్పుడు... మీ నాన్న పుట్టినప్పుడు కూడా నేను అంత కేక వెయ్యలేదు, పటాలంలో ఉన్నానులే.

కొన్నాళ్ళకి ఇంజెక్టరు ఒకటి కావాల్సొచ్చింది. కెంటు జిల్లాలో బెల్ట్రింగ్ అనే చోట ఏటా పాత మిలటరీ బండ్ల జాతర జరిగేది. జాతరే! జీపులు, ట్యాంకులు, నేల మీద గోనెలు పరిచి నట్లూ బోల్టులూ. మన సంతలో ఎండుచేపలు పోసినట్టు. రెండ్రోజులు వెతికి పట్టుకున్నాం. డబ్బాలోంచి తియ్యని సరుకు, మీద గ్రీజు కాయితం కూడా అలాగే ఉంది.

చీఫు ధైర్యం ఎక్కడిదంటే, ఉక్రెయినులో ఓ వేలంటైను కథ చెప్పేవాడు. అది కెనడాలో కట్టింది. కెనడావాళ్ళు కట్టినవాటిలో చాలామటుకు రష్యాకే పంపారు. 1944 జనవరిలో గడ్డకట్టిన ఏటి మీంచి వెళ్తుంటే మంచు పగిలి మునిగిపోయింది. తెలెపినో అనే ఊరి దగ్గర. 1990లో బురదలోంచి బయటికి లాగి కెనడాకే తిరిగి పంపారు. ఇప్పుడు ఒట్టావాలో మ్యూజియంలో ఉంది. "46 ఏళ్ళు బురదలో ఉన్నదానికంటే నాది నయం కదా" అనేవాడు.

ఇక ఆ సంగతి.

నాకు డ్రైవరు అర అప్పజెప్పాడు. లోపల కూర్చుని పాత రంగు గీకాలి. పైన తుప్పు, దానికింద గోధుమరంగు, దానికింద తెలుపు. మూడు పొరలు. నేను వైరు బ్రష్షు పట్టుకుని దర్జాగా గీకుతున్నాను. రెండో పొర లేచేసరికి కింద తెలుపులో గీతలు కనపడ్డాయి. గీతలంటే రంగు పగుళ్ళు కావు. మనిషి గీసినవి. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. మన చాకలి పద్దు లెక్కలాగ. అలా నాలుగు కట్టలు, పైన మూడు. ఇరవై మూడు. ఏం లెక్కపెట్టుకున్నాడో ఆ కుర్రాడు. సెలవుకి మిగిలిన రోజులో, తిన్న తిట్లో. కింద ఓ ఆడపిల్ల పేరు.

నా చెయ్యి ఆగిపోయింది. బ్రష్షు పక్కన పెట్టి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. బయటినుంచి చీఫు "ఏమైంది సుబేదార్, నిద్రపోయావా" అన్నాడు. రమ్మన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, టార్చి పట్టుకుని, తల లోపల పెట్టి చూశాడు. ఏం మాట్లాడలేదు.

అప్పుడు చెప్పాను ఆయనకి, షకర్‌గఢ్ సంగతి. తెల్లరంగు డబ్బా సంగతి. అప్పటిదాకా మీ నానమ్మకి కూడా చెప్పలేదు. వచ్చీరాని ఇంగ్లీషు, సగం మాటలకి చేతులే. రెండక్షరాల దాకా చదివాను, మూడోది చదవలేదు అని చెప్పడానికి నాకు మాట దొరకలేదు, వేళ్ళు చూపించాను. ఆయన వెళ్ళి టీ పెట్టి తెచ్చాడు. పంచదార లేదు. తాగేశాను.

ఆ గోడని ఇంక ముట్టుకోలేదు. చుట్టూ రంగు వేసి, అరచెయ్యంత మేర అలాగే వదిలేశాం. తుప్పు పట్టకుండా పల్చగా వార్నీషు పూశాం.

చిల్లుల దగ్గర మాత్రం పెద్ద తగాదా జరిగింది. ఒంటిమీద ఆరు చిల్లులున్నాయి. అన్నీ పూడ్చాలని ఒకాయన. అన్నీ వదిలెయ్యాలని ఇంకొకాయన, చరిత్రట. మూడో ఆయన లాయరులా లేచి, "అవి యుద్ధంలో తగిలిన గాయాలు కావు, మనవాళ్ళే ఆటకి కొట్టినవి, వాటికి చరిత్ర ఏమిటి" అన్నాడు. అదీ నిజమే అనిపించింది నాకు. చీఫు అంతా విని, ఐదు పూడుద్దాం, ఒకటి ఉంచుదాం అన్నాడు. "దీన్ని శత్రువు ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు, మేమే కొట్టాం. అది కనపడాలి."

ఆ పక్కనే బోవింగ్‌టన్‌లో ట్యాంకుల మ్యూజియం ఉంది. లోకంలో అంత పెద్దది అరుదు. చీఫు నన్ను తీసుకెళ్ళాడు, టైగరు చూపిస్తానని. జర్మనీవాళ్ళ టైగరు, 131 నెంబరు. 1943 ఏప్రిల్లో ట్యునీషియాలో చర్చిల్ ట్యాంకులతో పోట్లాటలో ఒక గుండు దాని ఫిరంగి గొట్టం కింద తగిలి, జారి, టరెట్టు, అంటే ఫిరంగి ఉండే పై అర, తిరిగే చోట ఇరుక్కుంది. టరెట్టు తిరగలేదు, లోపలివాళ్ళు దిగి పారిపోయారు, ట్యాంకు దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. లండను తెచ్చి జనానికి చూపించారు. తర్వాత ఏం చేశారో తెలుసా? లోపల ఎలా ఉంటుందో కుర్రాళ్ళకి పాఠం చెప్పడానికి ఇంజనుని రంపంతో కోసేశారు. అడ్డకోత, పనసకాయ కోసినట్టు. 1990లో మళ్ళీ నడిపించాలని మొదలుపెడితే ఇంజను లేదు! ఆఖరికి అదే మ్యూజియంలో ఉన్న కింగ్ టైగరుది ఊడదీసి దీనికి పెట్టారు. అన్న గుండె తీసి తమ్ముడికి పెట్టినట్టు. ఏళ్ళు పట్టింది, మధ్యలో అదీ పాడైంది, మళ్ళీ బాగుచేశారు. తర్వాత 'ఫ్యూరీ' అనే సినిమాలో వేషం కూడా వేసింది.

నేను చూసింది ఆ గుండు తగిలిన గాటు. ఫిరంగి కింద ఇప్పటికీ ఉంది. అంత డబ్బు పోసి, అంత రంగు వేసి, దాన్ని మాత్రం పూడ్చలేదు. చీఫు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు, చూశావా అన్నట్టు. "కోసింది మీవాళ్ళేగా" అన్నాను నేను, ఇంజను గురించి. "మాలాంటి మెకానిక్కులే" అన్నాడు.

2010 ఎండాకాలం. మనది బయటికి వచ్చింది. మీ నానమ్మ కూడా వచ్చింది, ఊరికే రాలేదు, సంచిలో కొబ్బరికాయా, నాలుగు నిమ్మకాయలూ, కుంకం పొట్లం. బస్సు ఇంజనైనా బండి బండే కదా. ముందు బొట్టు పెట్టి, చైన్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ ముసలాళ్ళు వరసగా నిలబడి టోపీలు తీసి చూస్తున్నారు. ఇదేదో పెద్ద పూజ అనుకుని ఒకాయన ఏకంగా కళ్ళు మూసుకున్నాడు. కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుకుతుంటే చీఫు సమ్మెట అందించాడు.

స్టార్టు కాలేదు. రెండోసారి కాలేదు. ఎయిరు పట్టింది. నేను పైపు నట్టు వదులు చేసి, నురగ పోయి శుభ్రంగా డీజిలు వచ్చేదాకా పంపు కొట్టి బిగించాను. అది మన గూడెం షెడ్డులో రోజూ చేసే పనే, వాళ్ళకి మంత్రంలా కనపడింది. మూడోసారికి ఓ దగ్గు, ఓ పొగ. తెల్లపొగ, తర్వాత నల్లపొగ, తర్వాత పొగే లేదు. గుడగుడమంటూ నిలబడింది. నిమ్మకాయలు పచ్చడైపోయాయి. నలభై గజాలు వెళ్ళి, కంచె దగ్గర ఆగింది. తిరగడం తిరగలేదు, ఒకవైపు బ్రేకు పట్టలేదు. ఆరేళ్ళ శనివారాలకి నలభై గజాలు. నేను డ్రైవరు పక్కన నక్కి కూర్చున్నాను. సాయంత్రమవుతోంది. ఆ వదిలేసిన చిల్లులోంచి ఎండ లోపలికి పడి, రూపాయి బిళ్ళంత వెలుగు గోడమీద నిలబడింది. గీతల మీద కాదు, పక్కన. సినిమాలో అయితే గీతల మీదే పడును.

వచ్చేటప్పుడు చీఫు ఈ పిన్ను ఇచ్చాడు. మొదటి రోజు నేను విన్న చప్పుడు దీనిదేనట. చైనుకి కొత్తవి వేశాక దాచి ఉంచాడు. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించారు. మూరెడు ఇనప కడ్డీ చూసి, ఏమిటిది అన్నారు. ట్యాంకుది అన్నాను. నీళ్ళ ట్యాంకుదా అన్నాడా కుర్రాడు. అవునన్నాను. వదిలేశాడు.

ఇంటికొచ్చాక మీ నానమ్మ దాన్ని అద్దాల బీరువాలో పెడతావా ఏమిటి, ఆవుకి మేకు లేదు అంది. చీఫుకి ఫోనులో చెప్పాను, ఆవుని కట్టానని. ఆయన ఎంత నవ్వాడో. ఆవుల సావిడిలోంచి వెళ్ళి ఆవు దగ్గరికే చేరిందన్నాడు. ప్రతి ఫోనుకీ ముందు ఆవెలా ఉందని అడిగేవాడు, తర్వాతే నేను. ఆయన పోయి చాన్నాళ్ళయింది. కూతురు ఆ ట్యాంకుని వేరే ఊళ్ళో నలుగురికి ఇచ్చింది. నడుపుతున్నారట. ఆ అరచెయ్యంత గోడకి రంగు వెయ్యొద్దని కాయితం రాసి అంటించి మరీ ఇచ్చిందట.

ఏమిటి పెద్దమ్మాయ్? ఆ మూడో అక్షరమా? తెలీదే. చదవలేదని చెప్పానుగా.

లేవండి, లేవండి. మీ అమ్మ నలుగుపిండి గిన్నె పట్టుకుని ఎంతసేపట్నించో నిలబడింది. ఒరేయ్ చిన్నోడా, ఆ మేకు పట్టుకెళ్ళి ఎక్కడ పీకావో అక్కడే దిగ్గొట్టు. సమ్మెట వద్దు, రాయి చాలు. అరిగిన వైపు కిందకి.